అకాబా స్థావరం 1917లో ఎలా పడింది?

వంశధార (గుణుపురం, రాయగడ జిల్లా)

ఎడారిలోని సేనా స్థావరాలను గెరిల్లాలు పట్టుకొన్న ఉదంతాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఈ వేదికలో ఎవరో ఒకరు అకాబా పేరు ఎత్తుతున్నారు. ఎత్తిన ప్రతివారూ ఒంటెల మీదా గుర్రాల మీదా కత్తులు దూసిన వీరులు ఊరి మీదికి విరుచుకుపడిన దృశ్యాన్నే వర్ణిస్తున్నారు. ఆ దృశ్యం 'లారెన్స్ ఆఫ్ అరేబియా' సినిమాది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917 జులై 6న, తుర్కుల చేతిలోని అకాబా రేవు అరబ్బుల వశమైన మాట నిజమే కానీ, ఆనాడు ఊరి ముందర చెప్పుకోదగిన యుద్ధమేదీ జరగలేదు. అసలు పోరు నాలుగు రోజుల ముందు, అకాబాకు చాలా ఎగువన, కొండల నడుమ అబా అల్ లిస్సాన్ అనే ఊట దగ్గర జరిగింది. ఆ పోరు గెలవడానికి కారణమేమో అంతకు రెండు నెలల ముందే మొదలైన ప్రయాణం. కాబట్టి ఆ స్థావరాన్ని పడగొట్టినది దాడి కాదనీ, దాడికి ముందు నీళ్ళనూ తెగలనూ తమ వైపు తిప్పుకోవడమేననీ నా వాదన. కాదనేవారు కారణాలతో కాదనవలసిందిగా కోరుతున్నాను.

పూర్వరంగం క్లుప్తంగా చెబుతాను. మక్కా షరీఫ్ హుస్సేన్ 1916 జూన్‌లో ఒట్టోమన్ (తుర్కు) ప్రభుత్వం మీద తిరగబడ్డాడు. ఆయన కుమారుడు ఫైసల్ 1917 జనవరి నాటికి ఎర్ర సముద్రపు ఒడ్డున ఉన్న వజ్హ్ రేవులో మకాం వేశాడు. డమాస్కస్ నుండి మదీనా దాకా సుమారు 1,300 కిలోమీటర్ల రైలుమార్గం, 1908లో పూర్తయినది, తుర్కుల చేతిలో ఉన్నది. అకాబా ఆ సముద్రపు ఈశాన్య పాయ కొసన ఉన్న చిన్న రేవు. బ్రిటిష్, ఫ్రెంచి ఓడలు దాని మీద గుళ్ళు కురిపించి చాలావరకు మొండిగోడలు మిగిల్చాయి గానీ, ఒడ్డున సేనను దింపితే ఒరిగేదేమీ లేదని వారికి తెలుసు. ఊరి వెనుక వాదీ ఇత్మ్ అనే ఇరుకైన లోయ ఉన్నది. శత్రువు వస్తే సముద్రం నుండే వస్తాడనే నమ్మకంతో తుర్కులు ఆ లోయలో పొడుగునా కావలి ఠాణాలు పెట్టుకొన్నారు. ఒడ్డును గెలిచినవాడు ఆ లోయ గుండా పైకి ఎక్కలేడు. పైనుండి దిగేవాడిని ఆపడానికి మాత్రం వారి ఏర్పాటు పనికిరాదు.

అందుచేత మే 9న వజ్హ్ నుండి ఒక చిన్న బృందం బయలుదేరింది. మదీనాకు చెందిన షరీఫ్ నాసిర్ దానికి నాయకుడు. హొవైతాత్ తెగ వీరుడు అవూదా అబూ తాయి, డమాస్కస్ వాసి నసీబ్ అల్ బక్రీ, ఆంగ్ల అధికారి లారెన్స్ వెంట ఉన్నారు. కాపుగా కొద్దిమంది అగైల్ ఒంటెదళం వారు వచ్చారు. మనిషికి నలభై అయిదు పౌన్ల పిండి, అదే ఆరు వారాల తిండి. ఆ పిండి కన్న విలువైనది సంచులలోని బంగారు నాణేలు, వాటితో తెగలను కూడగట్టాలి. సముద్రం వెంబడి పోకుండా తూర్పునకు మళ్ళి, రైలుపట్టాలు దాటి, ఎడారిని చుట్టి, దాదాపు వెయ్యి కిలోమీటర్లు తిరిగి అకాబాకు వెనుక నుండి వచ్చారు. బయలుదేరినవారు పదుల సంఖ్యలో ఉంటే, కొండల అంచుకు చేరేసరికి వందలమంది అయ్యారు. ఆ పెరుగుదలే నా దృష్టిలో అసలు యుద్ధం.

ప్రాణహిత (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

మాస్టారూ, మీ వాదనతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ కథను ఏ భాషలో చదివినా లారెన్స్ కథగానే చదువుతున్నాము. వెనుక నుండి రావాలనే ఆలోచన ఎవరికి ముందు తట్టినదో చరిత్రకారులు ఇప్పటికీ తగవులాడుకొంటున్నారు. ఆ నేల మీద పుట్టి పెరిగిన అవూదాకు ఏ బావి ఎక్కడున్నదో, ఏ తెగ ఏ తెగతో పగతో ఉన్నదో తెలియకపోతే ఆ ఆలోచన ఎవరిదైనా కాగితం మీదనే మిగిలేది. మా సిరోంచ వైపు అడవిలోకి కొత్త అధికారి వస్తే, ఆయన చేతిలో ఎంత మంచి పటం ఉన్నా ముందు నడిచేవాడు ఊరి మనిషే. దారి తప్పకుండా తెచ్చినవాడి పేరు నివేదికలో ఉండదు.

దారిలోని వాదీ సిర్హాన్ లోయలో వారు పడిన బాధ కూడా చెప్పవలసినది. అక్కడ పాములు విపరీతం. రాత్రులు దుప్పట్ల కిందికి చేరేవి. బృందంలో ముగ్గురు పాముకాటుకే చనిపోయారు. అబా అల్ లిస్సాన్ పోరులో అరబ్బుల వైపు చనిపోయినవారు ఇద్దరే అని చదివిన తరువాత ఈ లెక్క పక్కన పెట్టి చూడండి, ఎడారిలో యుద్ధం అంటే ఏమిటో తెలుస్తుంది.

వంశధార

ప్రాణహిత గారు చెప్పినది న్యాయమైన మాట. నాసిర్ పేరు అందరికన్న తక్కువగా వినబడడం నాకూ వెలితిగానే ఉన్నది. తెగల పెద్దలతో కూర్చొని మాట తీసుకొన్నది ఆయనే. లారెన్స్ కొన్నాళ్ళు అందరినీ వదిలి ఉత్తరాన డమాస్కస్ పరిసరాల దాకా వెళ్ళి వచ్చాడు. ఆ రోజుల్లో కూడికలు జరిపినది నాసిర్, అవూదాలే.

బల్లార్షా బొగ్గు (బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా)

నేను గనిలో ఓవర్‌మన్‌గా పనిచేసి రిటైరయినవాడిని కనుక, ఈ కథలో నాకు అన్నిటికన్న నచ్చినది బావుల సంగతి. మాస్టారు దానిని ఒక్క మాటలో దాటవేశారు.

అరబ్బులు ఆ వైపు వస్తున్నారన్న అనుమానంతో తుర్కులు బాయిర్ దగ్గరా, జఫర్ దగ్గరా బావులను డైనమైట్‌తో పేల్చివేశారు. ఎడారిలో ఇంతకన్న చవకైన కోటగోడ లేదు. నీరు లేకపోతే అయిదువందల మంది ఒంటెలతో ఆ వైపు ఎక్కువ కాలం నిలవలేరు, కాబట్టి ఠాణాలో సిపాయిలు హాయిగా నిద్రపోవచ్చు. అయితే పేల్చడం వేరు, సరిగ్గా పేల్చడం వేరు. రాతికట్టడంతో కట్టిన బావిలో మందు పైపైన పెట్టి పేలిస్తే నోటి దగ్గర కట్టు కూలి రాళ్ళూ మట్టీ గొంతులో ఇరుక్కొంటాయి. కింది కట్టడం చెక్కుచెదరదు. పైనుండి చూసేవాడికి బావి పూడినట్లే కనబడుతుంది. గనిలో కప్పు కూలినప్పుడు కూడా ముందు తట్టి చూస్తాము, డొల్ల శబ్దం వస్తే వెనుక ఖాళీ ఉన్నదని అర్థం.

జఫర్‌లో జరిగినది సరిగ్గా అదే. అక్కడి బావులలో ఒకటి అవూదా కుటుంబానిది. దాని చుట్టూ నేలను మోదితే డొల్లగా పలికింది. అగైల్ మనుషులు కొందరు ముందుకు వచ్చి తవ్వడం మొదలుపెట్టారు. పనిముట్లు చాలవు, ఎండ మాడ్చివేస్తున్నది, అయినా తవ్వారు. కొంతసేపటికి లోపల పెద్ద చప్పుడు, తరువాత నీళ్ళలో దబ్బున పడిన శబ్దం, వెంటనే కేకలు వినిపించాయి. పరుగెత్తి చూస్తే అడ్డుపడిన దిబ్బ జారిపోయింది. అడుగున ఇరవై అడుగుల వెడల్పుతో, పైన ఇరుకుగా సీసా ఆకారంలో ఉన్న బావి తెరచుకొన్నది. తవ్వుతున్నవాడు దిబ్బతో పాటు నీళ్ళలో పడి మునగకుండా కొట్టుకొంటున్నాడు. పైనున్నవారు ముందు కడుపుబ్బ నవ్వి, తరువాత తాడు ఉచ్చు వేసి లాగారు. తడిసి ముద్దయి, మహా కోపంగా, దెబ్బ మాత్రం తగలకుండా బయటికి వచ్చాడట.

అకాబా అక్కడ పడింది అంటాను నేను. మందు ఇంకొక పది అడుగులు లోతున పెట్టి ఉంటే ఈ చర్చ మనకు ఉండేది కాదు.

కొలాబ్ (జయపురం, కోరాపుట్ జిల్లా)

అందరూ ఒకే మాట మీదికి వస్తున్నారు కనుక నేను అడ్డం మాట్లాడతాను. నీళ్ళూ తెగలూ ముఖ్యమే, ఒప్పుకొంటాను. కానీ జులై 2న అబా అల్ లిస్సాన్‌లో తుర్కు పటాలం చేసిన తప్పు లేకపోతే ఈ ప్రయాణమంతా వ్యర్థమయ్యేది. రైలుమార్గం మీది మాన్ పట్టణం నుండి వచ్చిన ఆ పటాలం రాత్రికి ఊట పక్కన, లోయ అడుగున పడుకొన్నది. చుట్టూ ఉన్న గుట్టల మీద కావలి లేదు. తెల్లవారేసరికి గుట్టలన్నీ అరబ్బుల చేతిలో ఉన్నాయి. పైనున్నవాడు కిందివాడిని కాల్చడానికి గొప్ప వ్యూహం అవసరం లేదు. ఇది శత్రువు నిర్లక్ష్యం వల్ల దక్కిన అదృష్టం. అదృష్టాన్ని సిద్ధాంతంగా మార్చవద్దు.

పైగా ఆ అదృష్టం కూడా పగలంతా ఫలించలేదు. రాళ్ళు ఎంత వేడెక్కినవంటే వాటిని ఆనుకొని పడుకొన్నవారి చర్మం ఊడివచ్చింది, తుపాకులు పట్టుకొంటే చేతులు కాలాయి. ఊట తుర్కుల దగ్గర ఉన్నది కనుక దాహం అరబ్బులదే. సాయంకాలం అవూదా కోపంతో యాభై మంది రౌతులను వెంటబెట్టుకొని వాలు మీదినుండి నేరుగా దూకకపోతే వారు చీకటిలో తప్పించుకొనేవారేమో. మరో వైపు నుండి ఒంటెల మీద నాలుగువందల మంది దిగారు. కొద్ది నిమిషాలలో అయిపోయింది. తుర్కులలో మూడువందల మంది చనిపోగా, నూట అరవై మంది పట్టుబడ్డారు. అవూదా గుర్రం కూలింది, ఆయన దుర్భిణి పగిలింది, కత్తి ఒర చీలింది, ఒంటికి మాత్రం ఏమీ కాలేదు. లారెన్స్ ఆ దూకుడులో తన ఒంటెనే తలలో కాల్చుకొని కింద పడ్డాడు. కాబట్టి దాడి జరగలేదు, దాడి ముఖ్యం కాదు అంటే నేను ఒప్పుకోను. దాడి ఆ సాయంకాలమే జరిగింది, అదే తీర్చింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

కొలాబ్ గారూ, అదృష్టం మాటకు వస్తే జులై 4 రాత్రి సంగతి మరిచారు. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. అకాబా దారిలో కథీరా అనే ఠాణా ఎత్తయిన గుట్ట మీద ఉన్నది, వెన్నెలలో దాని మీదికి పోవడం అసాధ్యం. గ్రహణం పట్టగానే ఠాణాలోని సిపాయిలు చంద్రుడిని మింగే భూతాన్ని తరమడానికి గిన్నెలు మోగిస్తూ, ఆకాశంలోకి కాల్పులు జరుపుతూ ఉండిపోయారు. ఆ చీకటిలో అరబ్బులు పైకెక్కి ఠాణాను నష్టం లేకుండా పట్టుకొన్నారు. మా ఇంట్లో గ్రహణం రోజున పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టి, నిలిచిందా లేదా అని పిల్లలమందరం చుట్టూ చేరేవాళ్ళము. ఆ సిపాయిలను చూసి నవ్వడానికి నాకు నోరు రాదు.

అయితే గ్రహణం వస్తుందని పంచాంగంలో ముందే తెలుసు, దాడి చేసేవారికీ తెలుసు. ఎదుటివాడు దానిని చూసి భయపడుతూ కూర్చొంటే, తాను దానిని వాడుకొన్నవాడిది అదృష్టం అనాలా, ఎరుక అనాలా?

కొలాబ్

ఎరుక అనండి, అభ్యంతరం లేదు. పటాలం లోయలో పడుకోవడం మాత్రం ఏ పంచాంగంలోనూ లేదు.

బలిమెల (మల్కాన్‌గిరి)

నాకు ఈ కథలో ఆసక్తి కలిగించినది ఉత్తరాలు. అబా అల్ లిస్సాన్‌లో పట్టుబడిన తుర్కు అధికారి చేత మిగిలిన ఠాణాలకు ఉత్తరాలు రాయించారు. లొంగిపోతే ప్రాణాలకు హామీ, ఎదిరిస్తే ఎవరినీ ప్రాణాలతో పట్టుకోబోమని వాటి సారాంశం. కువైరాలో నూట ఇరవై మంది ఉన్న ఠాణాను ఆ ప్రాంతపు పెద్ద స్వయంగా పట్టి అప్పగించాడు. చివరిది, అకాబా ముందరి ఖద్రా ఠాణా, మూడువందల మందితో రెండు రోజులు బేరమాడి 6వ తేదీ ఉదయం లొంగింది. లొంగినవారిలో బావులు తవ్వించడానికి వచ్చిన ఒక జర్మన్ కూడా ఉన్నాడు. అతనికి అరబ్బీ రాదు, తుర్కీ రాదు, తన చుట్టూ ఏమి జరుగుతున్నదో ఎవరో జర్మన్ తెలిసినవారు చెప్పేదాకా అర్థం కాలేదు.

మన వైపు అయిదేళ్ళ తరువాత, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు వరసగా దాడి చేసినప్పుడు కూడా కోరుకొన్నది తుపాకులనే గాని సిపాయిల ప్రాణాలను కాదు. ముందే జాబు పంపి ఠాణాకు రావడం, దానిని జనం మిరపకాయ టపా అని చెప్పుకోవడం మనకు తెలిసినదే. ముందు భయం వెళ్ళి, వెనుక మనిషి వెళ్తాడు. అకాబాలోనూ అంతే జరిగినదని నేను భావిస్తున్నాను. ఇంకా దగ్గరి కాలానికి వస్తే 2004 ఫిబ్రవరి 6న మావోయిస్టులు కోరాపుట్‌లో జిల్లా ఆయుధాగారాన్ని

నిర్వాహకుడు

బలిమెల గారూ, చివరి వాక్యం తరువాతి భాగం తొలగించాను. మన జిల్లాలలో నిన్నమొన్నటి గాయాల మీద ఈ వేదికలో చర్చ పెట్టరాదన్న నియమం మీకు తెలుసు. ఎడారి వరకే ఉండండి.

బలిమెల

సరే, ఎడారికే వస్తాను. పద్ధతి ఒకటే అయినా వాహనం మారిన రెండు ఉదాహరణలు ఉన్నాయి.

మొదటిది చాద్ దేశం. 1987 మార్చి 22న ఉత్తర చాద్‌లో లిబియా సేన కట్టుకొన్న వాదీ దూమ్ స్థావరాన్ని చాద్ దళాలు టొయోటా పికప్పుల మీద వచ్చి పట్టుకొన్నాయి. స్థావరం చుట్టూ మందుపాతరలు, ట్యాంకులు, విమానాల కోసం నేలబాట. వచ్చినవారి చేతిలో మిలన్ అనే ట్యాంకు వ్యతిరేక క్షిపణులు. వేయిమందికి పైగా లిబియా సైనికులు చనిపోయారు, వందలమంది పట్టుబడ్డారు. ఆ పట్టుబడినవారిలో తరువాత లిబియాలో పెద్దపేరు అయిన ఖలీఫా హఫ్తార్ ఒకడు.

రెండవది సూడాన్. 2003 ఏప్రిల్ 25 తెల్లవారుజామున డార్ఫూర్ తిరుగుబాటుదారులు ముప్పై మూడు ల్యాండ్ క్రూజర్లలో అల్ ఫషీర్ పట్టణంలోకి ప్రవేశించి, నిద్రలో ఉన్న స్థావరం మీద పడ్డారు. నాలుగు గంటలలో నేల మీద ఉన్న ఆంటొనోవ్ బాంబర్లను, హెలికాప్టర్లను తగలబెట్టి, వైమానిక స్థావర అధిపతి అయిన మేజర్ జనరల్‌ను పట్టుకొని వెళ్ళిపోయారు. స్థావరాన్ని పట్టుకొని కూర్చోలేదు, కూర్చొంటే మరునాడు విమానాలు వస్తాయి.

దీనికి ప్రభుత్వం ఇచ్చిన జవాబు ఆ తిరుగుబాటుదారుల మీద పడలేదు. జంజవీద్ అనే గుర్రపు ముఠాలకు తుపాకులిచ్చి ఊళ్ళ మీదికి వదిలారు. ఇరవై లక్షలకు పైగా జనం ఇళ్ళు విడిచారు. అల్ ఫషీర్ దాడిని యుద్ధకళగా మాత్రమే చదివేవారంటే నాకు చికాకు.

ప్రాణహిత

ఈ మాట అకాబాకూ వర్తిస్తుంది. అబా అల్ లిస్సాన్ పోరుకు కొద్దిగా ముందు ఫువైలా దగ్గర తుర్కులు హొవైతాత్ గుడారాలలో స్త్రీలనూ పిల్లలనూ చంపారు. ఆ సాయంకాలం వాలు మీదినుండి దిగినవారు ఖైదీలను పట్టడం కన్న చంపడం మీదనే మనసు ఎందుకు పెట్టారో, మూడువందల శవాలు ఎందుకు పడ్డాయో దానిని బట్టి తెలుస్తుంది. కొలాబ్ గారు దానిని అవూదా కోపం అన్నారు. కోపానికి కారణం ఉన్నది.

వంశధార

కొలాబ్ గారి అభ్యంతరానికి జవాబు బాకీ ఉన్నాను. దాడి తీర్చినదని వారి మాట. అయితే అదే మనుషులు, ఇంకా ఎక్కువ బలంతో, ఇంకొక స్థావరం మీద చేసిన దాడి ఏమయినదో చూద్దాము. 1918 ఏప్రిల్‌లో ఫైసల్ సేన మాన్ స్టేషన్‌ను పట్టడానికి వెళ్ళింది. ఈసారి తెగల వారే కాదు, జాఫర్ అల్ అస్కరీ నడిపే క్రమశిక్షణ గల అరబ్బు పటాలాలు ఉన్నాయి, ఫ్రెంచి కెప్టెన్ పిసానీ ఫిరంగులు ఉన్నాయి. 13న సమ్నా గుట్ట పట్టుబడింది. 17న నూరీ సయీద్ దళం స్టేషన్ షెడ్ల దాకా చొచ్చుకుపోయింది, అప్పటికి ఫిరంగి గుళ్ళు అయిపోయాయి, వెనుకకు రావలసివచ్చింది. మాన్ తుర్కులు కందకాలు తవ్వుకొని, రైలు మీద తిండి తెప్పించుకొని, అన్ని దిక్కులకూ ముఖం పెట్టి కూర్చొన్నారు. ధైర్యానికి లోటు లేదు, దాడికి లోటు లేదు, స్థావరం మాత్రం పడలేదు. మదీనాలో ఫఖ్రీ పాషా అయితే 1918 అక్టోబరు 30న సంధి జరిగిన తరువాత కూడా లొంగక, 1919 జనవరి దాకా పట్టు విడవలేదు.

కాబట్టి అవూదా దూకుడు తీర్చినది ఒక లోయలోని పటాలాన్ని. స్థావరం లొంగినదేమో తన వెనుక దారి మూసుకుపోయినదనీ, చుట్టూ ఉన్న తెగలన్నీ ఎదుటివైపు చేరిపోయాయనీ తెలుసుకొన్నందుకు.

కొలాబ్

మాన్ ఉదాహరణ బలమైనదే. అయినా ఒక ప్రశ్న: పట్టుకొన్న అకాబాను నిలుపుకోవడం సంగతి ఏమిటి? అక్కడ గింజ లేదని విన్నాను.

వంశధార

విన్నది నిజం. ఊరిలో మొండిగోడలు, ఖర్జూరపు తోటలు తప్ప ఏమీ లేవు. దాదాపు ఏడువందల మంది ఖైదీలు, తమవారు ఇంకొక అయిదువందలు. పచ్చి ఖర్జూరాలు తిన్నారు, ఒంటెలను కోసుకొన్నారు. లారెన్స్ ఎనిమిదిమందిని వెంటబెట్టుకొని సైనాయి ఎడారిని దాదాపు రెండు రోజులలో దాటి సూయజ్ చేరి, టెలిఫోన్ పట్టుకొని సహాయం అడిగాడు. కైరోలో బ్రిటిష్ సేనాధిపతిగా ఆలెన్‌బీ కొత్తగా వచ్చి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు.

తిండి తీసుకొనివెళ్ళిన ఓడ డఫరిన్. అది రాయల్ ఇండియన్ మెరైన్ ఓడ, అంటే మన దేశపు ఓడ. బల్లార్షా గారికి ఈ పేరు పరిచయమై ఉండవచ్చు, 1927 నుండి బొంబాయిలో వ్యాపార నౌకాధికారులకు శిక్షణ ఇచ్చిన ఓడ అదే. బంగారం విషయం ఇంకా రుచిగా ఉంటుంది. దారిలో తెగల పెద్దలకు ఇచ్చిన హామీలను నాసిర్, లారెన్స్‌లు సైనిక తంతి కాగితాల మీద పెన్సిలుతో రాసి ఇచ్చారు. అకాబా పట్టగానే ఆ కాగితాలు పట్టుకొని పెద్దలు వచ్చారు. సూయజ్ నుండి పదహారు వేల పౌన్ల విలువైన బంగారం వచ్చి చెల్లించేదాకా వారిని ఆపి ఉంచడం నాసిర్ పని. ఆ నెలలో ఎదురుదాడి వచ్చి ఉంటే ఎంతమంది నిలబడేవారో చెప్పలేము.

బల్లార్షా బొగ్గు

డఫరిన్ పేరు బొంబాయిలో పనిచేసిన మా చిన్నాన్న నోట విన్నాను, అది అకాబాకు వెళ్ళివచ్చిన ఓడ అని మాత్రం ఇప్పుడే తెలిసింది. మాన్ దండు చివరికి ఏమయింది మాస్టారూ?

వంశధార

1918 సెప్టెంబరు చివరలో మాన్ విడిచి రైలుమార్గం వెంబడి ఉత్తరానికి బయలుదేరారు. అమ్మాన్‌కు దక్షిణాన జీజా స్టేషన్ దగ్గర ఆస్ట్రేలియా గుర్రపు దళం ఎదురయింది. తుర్కులు వేలమంది ఉన్నారు, ఆస్ట్రేలియావారు కొద్దిమంది. అయినా తుర్కులు వెంటనే లొంగడానికి సిద్ధం. వారి భయమంతా చుట్టూ మూగిన తెగలవారిని గురించే. చివరికి సెప్టెంబరు 29 రాత్రి, లొంగిన తుర్కుల చేతిలోని తుపాకులను వారి చేతిలోనే ఉంచి, పట్టుకొన్నవారూ పట్టుబడినవారూ కలిసి తెల్లవారేదాకా కావలి కాశారు. మరునాడు ఉదయం ఆయుధాలు అప్పగించారు.